ఆ లోకంలో వాడు ఏం తప్పు చేశాడని?

తిరుపతి లీలామహల్ సర్కిల్‌లో రాత్రి పదకొండు దాటినా టీ దొరుకుతుంది. ఆ రోజు ఇంట్లో ఓటీటీలో ఒక థ్రిల్లర్ చూసి, నిద్ర పట్టక, నేనూ మా అక్క కొడుకూ అక్కడిదాకా నడిచాం. వాడు ఏర్పేడు దగ్గర క్యాంపస్‌లో ఫిజిక్స్ చదువుతున్నాడు. సినిమా ఈ మధ్య వస్తున్న పద్ధతిలోదే. అయినవాళ్లు పోతారు, మిగిలిన మనిషికి మతి చలిస్తుంది, ఎక్కడినుంచో ఒక మిషన్ దొరుకుతుంది, ఇక ఒక లోకం నుంచి ఇంకో లోకానికి పోతూ పగ తీర్చుకోవడమే పని. మావాడు గ్లాసు చేతిలో పెట్టుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఉన్నట్టుండి అడిగాడు.

"మామా, చంపినోడు ఈ లోకంలోనోడు కదా. ఆ లోకంలో వాడు ఏం తప్పు చేసినాడని?"

టీ అయిపోయేలోపు జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను. ఇలాంటి కథల్లో సైన్సూ దుఃఖమూ పగా ఒకే దారంలా చిక్కుపడి ఉంటాయి. ఒక కొస పట్టి లాగితే ఇంకో ముడి బిగుసుకుంటుంది. అందుకే సైన్సు కొస నుంచి మొదలుపెడతాను, అదే కాస్త వదులుగా ఉంది.

ఎలక్ట్రాన్ లాంటి చిన్న కణం ఒకేసారి రెండు దారుల్లో వెళ్లినట్టు ప్రవర్తిస్తుంది. 1926లో ష్రోడింగర్ అనే శాస్త్రవేత్త రాసిన సమీకరణం ఆ ప్రవర్తనను తు.చ. తప్పకుండా లెక్కగడుతుంది. చిక్కల్లా మనం కొలిచినప్పుడే వస్తుంది. కొలిస్తే కణం ఒక్కచోటే దొరుకుతుంది. మరి రెండో దారి ఏమైంది? కొలిచిన క్షణంలో అది రద్దయిపోయిందని పెద్దలు చెప్పి ఊరుకున్నారు. ఎలా రద్దయిందంటే మాత్రం సమీకరణంలో ఆ మాటే లేదు. ఈ ఇబ్బంది ఎంత విడ్డూరంగా ఉంటుందో చూపించడానికే ష్రోడింగర్ 1935లో పెట్టెలో పిల్లి కథ చెప్పాడు. కణం రెండు స్థితుల్లో ఉంటే దానికి ముడిపెట్టిన పిల్లి కూడా బతికీ చచ్చీ ఉండాలి కదా అని. ఆయన వెక్కిరించడానికి చెప్పిన పిల్లి, పాపం, ఇప్పుడు టీషర్టుల మీదికెక్కింది.

1957లో ప్రిన్స్‌టన్‌లో హ్యూ ఎవరెట్ అనే కుర్రవాడు, వయసు ఇరవయ్యారు, ఈ ముడిని ఇంకో వైపు నుంచి విప్పాడు. రద్దు అనేదే లేదన్నాడు. సమీకరణం ఏం చెబితే అదే జరుగుతుంది. కణం రెండు స్థితుల్లో ఉంటే దాన్ని కొలిచిన పరికరం కూడా రెండు స్థితుల్లోకి పోతుంది, ఆ పరికరాన్ని చూసిన మనిషి కూడా పోతాడు. లోకం చెట్టు కొమ్మల్లా చీలుతుందన్నమాట. ఒక కొమ్మలో ఉన్నవాడికి ఒక ఫలితం కనిపిస్తుంది, ఇంకో కొమ్మలో ఉన్నవాడికి రెండోది. ఇద్దరికీ తాము ఒక్కరే అనిపిస్తుంది. ఎవరెట్ దీనికి పెట్టిన పేరు చప్పగా ఉంటుంది. 1970లో బ్రైస్ డెవిట్ అనే శాస్త్రవేత్త పత్రికలో పెద్ద వ్యాసం రాశాకే ఈ ఊహ బయటి జనంలోకి వచ్చింది. 'అనేక లోకాలు' అన్న పేరు కూడా ఆయన వల్లే స్థిరపడింది. భౌతికశాస్త్రం చదివినవాళ్లందరూ దీన్ని ఒప్పుకోరు. అయినా ఒప్పుకునేవాళ్లు పిచ్చివాళ్లేమీ కారు.

విశ్వం అంతు లేనంత పెద్దదైతే ఎక్కడో మనలాంటి ఊరే ఉండొచ్చని ఇంకో రకం సమాంతర లోకాల మాట కూడా ఉంది. అంత దూరం పోయి పగ తీర్చుకోవడం కుదరదు కాబట్టి థ్రిల్లర్లకు అది పనికిరాదు.

సినిమాలవాళ్లు తరచూ చేసే పొరపాటు ఒకటుంది. నువ్వు తీసుకునే ప్రతి నిర్ణయానికీ ఒక లోకం పుడుతుందంటారు. కుడికి తిరిగితే ఒకటి, ఎడమకి తిరిగితే ఒకటి. ఎవరెట్ లెక్కలో నీ నిర్ణయానికి అంత గౌరవం లేదు. చిల్లర పైకెగరేస్తే బొమ్మ పడుతుందా బొరుసు పడుతుందా అన్నది చాలావరకు బొటనవేలు ఇచ్చిన ఊపును బట్టే ఉంటుంది, దాంట్లో క్వాంటం, అంటే చిన్న కణాల ఈ వింత నడత, ఎంత పాత్ర వహిస్తుందన్నది వేరే చర్చ. అసలు చీలిక వచ్చేది కణాల స్థాయిలో. మన ఒంట్లో ఉన్న పొటాషియంలో కొంచెం రేడియోధార్మికత ఉంటుంది. పెద్దమనిషి ఒంట్లో సెకనుకు నాలుగు వేలకు పైగా పరమాణువులు అలా పగిలిపోతుంటాయి. ఏది ఎప్పుడు పగులుతుందో ముందే చెప్పలేం. నువ్వు సోఫాలో కదలకుండా పడుకున్నా చీలికలు ఆగవు. అవి ఎవరి దుఃఖాన్నీ అడిగి చీలవు.

ఇక అసలు అడ్డు. పక్క కొమ్మకి పోవడం కుదరదు.

తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో గాదంకి వస్తుంది. అక్కడ జాతీయ వాతావరణ పరిశోధనా ప్రయోగశాల రాడార్ ఉంది. 1024 యాంటెన్నాలు 130 మీటర్ల చదరంలో వరసకు 32 చొప్పున నిలబడి ఉంటాయి. 53 మెగాహెర్ట్జ్ తరంగాన్ని ఆకాశంలోకి పంపి, పైన గాలి పొరల నుంచి తిరిగొచ్చే సన్నటి ప్రతిధ్వనిని పట్టుకుంటాయి. ఆ ప్రతిధ్వని నుంచే గాలి ఎటు ఎంత వేగంతో వీస్తోందో లెక్కగడతారు. రాడార్ పనంతా ఒక్క నమ్మకం మీద నడుస్తుంది. పంపింది ఎంతో కొంత తిరిగొస్తుంది.

పక్క కొమ్మ నుంచి ఏదీ తిరిగిరాదు. ఒక కణం రెండు దారుల్లో ఉన్నట్టు చూపించాలంటే దాన్ని ఏదీ తాకకుండా కాపాడాలి. 1999లో వియన్నాలో 60 కార్బన్ పరమాణువులున్న అణువుతో ఈ పని చేసి చూపించారు. దానికి కూడా గాలి తీసేసిన గొట్టం కావాల్సి వచ్చింది. గాలి తగిలితే చాలు, వెలుతురు పడితే చాలు, రెండు దారుల మధ్య ఉన్న పొందిక చెదిరి లోకంలోకి పారిపోతుంది. ఆ తర్వాత ఆ రెండు కొమ్మలూ ఒకదానికొకటి తెలియకుండా నడుస్తాయి. జర్మనీలో డీటర్ జే అనే ఆయన 1970లోనే ఈ దారి చూపాడు. మనిషి దాకా అక్కర్లేదు, దుమ్ము రేణువుకే ఈ గతి.

ఇందులో నాకు బాగా నచ్చిన మలుపు ఒకటుంది. 1989లో స్టీవెన్ వైన్‌బర్గ్, నోబెల్ అందుకున్న పెద్ద మనిషి, ష్రోడింగర్ సమీకరణాన్ని కొద్దిగా వంచితే ఏమవుతుందని లెక్క వేశాడు. రెండేళ్ల తర్వాత జోసెఫ్ పోల్చిన్‌స్కీ అనే ఆయన ఆ వంపును పరీక్షించాడు. అలా వంచితే, కావాలంటే, కొమ్మల మధ్య ఫోను మాట్లాడుకోవచ్చని తేల్చాడు. ఆ ఊహకు 'ఎవరెట్ ఫోను' అని పేరు. అయితే ప్రయోగాల్లో సమీకరణం ఎక్కడా వంగినట్టు కనబడలేదు, అది నిటారుగానే ఉంది. అంటే థ్రిల్లర్ రాసేవాళ్లకి ఒక్క సన్న దారి ఉంది, దాన్ని ప్రకృతి మూసేసి పెట్టింది. రచయిత ఆ తలుపును పగలగొట్టి లోపలికి పోయినందుకు నేనేమీ అనను. కథ కాబట్టి ఒక్క అబద్ధం చెల్లుతుంది. ఆ ఒక్క అబద్ధం దాటాక మాత్రం లెక్క తప్పకూడదు.

లెక్క ఎక్కడ తప్పుతుందో చూడ్డానికి ముందు ఎవరెట్ ఇంటికి పోవాలి.

ఎవరెట్ మాటను పెద్దలు పట్టించుకోలేదు. 1959లో కోపెన్‌హాగెన్ వెళ్లి ఆ పెద్దల్లో పెద్దయిన నీల్స్ బోర్‌ను కలిశాడు, పని కాలేదు. అప్పటికే ఆయన పెంటగాన్‌లో అణుయుద్ధం లెక్కలు కట్టే ఉద్యోగంలో ఉన్నాడు. ఎడతెగని సిగరెట్లు, బాగా తాగుడు. 1982 జూలైలో, యాభై ఒక్క ఏళ్లకే, ఇంట్లోనే గుండె ఆగిపోయింది. చూసింది పంతొమ్మిదేళ్ల కొడుకు మార్క్. తర్వాత సంగీతకారుడైన ఆ కొడుకు, ఆ రోజు తండ్రి ఒంటిని తాకినప్పుడు అంతకుముందు ఎప్పుడైనా తాకిన జ్ఞాపకమే రాలేదని చెప్పుకున్నాడు. ఎవరెట్ తన చితాభస్మాన్ని చెత్తలో పారేయమని చెప్పి పోయాడు. భార్య కొన్నేళ్లు దాచుకుని, చివరికి ఆయన అన్నట్టే చేసింది.

కూతురు ఎలిజబెత్ 1996లో ఆత్మహత్య చేసుకుంది. రాసిపెట్టిన కాగితంలో తన బూడిదను కూడా అలాగే పారేయమని అడిగింది. అలా చేస్తే సరైన సమాంతర లోకంలోకి చేరి నాన్నను కలుసుకోవచ్చేమోనని.

నేను ఈ విషయం మొదటిసారి చదివిన రాత్రి ఇంకేమీ చదవలేకపోయాను. ఎందుకంటే నాన్న సిద్ధాంతం ఆమెకు ఆ మాట ఇవ్వలేదు. ఎవరెట్ లెక్కలో నాన్న చనిపోయిన కొమ్మలో ఉన్న ఎలిజబెత్‌కు నాన్న బతికున్న కొమ్మకు దారి లేదు. ఆ కొమ్మలో నాన్న ఉంటే, ఆయన పక్కన ఇంకో ఎలిజబెత్ ఉంటుంది. ఆయన ఎదురుచూసేది ఆమె కోసం. అసలు ఆయనకు ఎదురుచూడాల్సిన పనే ఉండదు.

ఈ మాటే మన దగ్గర ఎప్పుడో చెప్పేశారు. లీలామహల్ సర్కిల్‌లో టీ తాగినందుకు కాదు గానీ, నాకు యోగవాసిష్ఠంలోని లీల గుర్తొచ్చింది. పద్మ మహారాజు భార్య లీల. భర్త పోతే ఆయన జీవం ఈ ఇల్లు దాటి పోకూడదని సరస్వతిని వేడుకుని వరం పొందుతుంది. రాజు పోయాక దేహాన్ని పూలతో కప్పి ఉంచుతారు. లీల ధ్యానంలో కూర్చుని ఆ గదిలోనే ఇంకో లోకంలోకి పోయి చూస్తుంది. అక్కడ భర్త ఇంకో పేరుతో ఇంకో రాజ్యం ఏలుతున్నాడు. కొలువు నిండుగా ఉంది. ఆమె అందరినీ చూస్తోంది, ఆమె మాత్రం ఎవరి కంటికీ ఆనడం లేదు. ఆ లోకంలో ఆయనకు భార్య కూడా ఉంది. ఆమె పేరూ లీలే. అఖిలాండకోటి బ్రహ్మాండ నాయకుడని రోజూ వినే తిరుపతివాళ్లకి లోకాలు లెక్కకు మించి ఉంటాయన్న మాట కొత్త కాదు. కొత్తగా వినిపించేది, అన్ని లోకాలున్నా నీ మనిషి పక్కన నీ చోటు ఖాళీగా ఉండకపోవచ్చు అన్నదే. పురాణం కాబట్టి వరం ఉంది, చివరికి రాజు లేచి కూర్చుంటాడు. మిషన్ల కథలకు ఆ వెసులుబాటు లేదు.

దుఃఖం ఇలా ఎందుకు లోకాలు కడుతుంది? దీన్ని ప్రయోగశాలలోనే చూశారు. డానియల్ కానమన్, అమోస్ ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1982లో ఒక చిన్న కథ ఇచ్చి జనాన్ని అడిగారు. ఒకాయన ఆఫీసు నుంచి ఇంటికొస్తూ కూడలిలో ప్రమాదంలో పోయాడు, మత్తులో ఉన్న కుర్రాడి బండి గుద్దింది. ఇంట్లోవాళ్లు 'అలా కాకుండా ఉంటే' అని ఏమనుకుంటారో రాయమన్నారు. ఆయన ఆ రోజు కొత్త దారిలో వచ్చాడని కథలో చెబితే, ఎక్కువమంది ఆ దారినే మార్చారు. మామూలు కంటే ముందే బయల్దేరాడని చెబితే, ఆ టైమును మార్చారు. రెండు మూడు సెకన్లు అటూ ఇటూ అయినా ఆయన బతికేవాడని ఒక్కరికీ తట్టలేదు. మనసు లెక్కకి దొరికే అన్ని లోకాలనూ కట్టదు. అలవాటు తప్పిన చోట పట్టుకుని అక్కడే ఇల్లు కడుతుంది.

చిత్తూరు కొంగారెడ్డిపల్లెలో మా మేనత్త ఇల్లు. మామ బెల్లం మండీలో గుమాస్తా. ఒకరోజు పొద్దున్నే స్కూటర్ మీద తిరుపతికి బయల్దేరి పూతలపట్టు దాటాక లారీ కింద పడ్డాడు. అప్పట్నుంచి ఇరవై ఏళ్లుగా అత్త కట్టుకున్న లోకం ఒక్కటే. అందులో ఆ రోజు పాలాయన వేళకు వస్తాడు.

"పాలు వచ్చింటే కాఫీ పెట్టిచ్చుండేదాన్ని. ఆ మనిషి కాఫీ తాగితే పేపరు చూడకుండా లెయ్యడు. పది నిమిషాలు. ఆ లారీ ఎప్పుడో పొయ్యుండేది."

ఆ లోకంలో స్టీలు గ్లాసు ఉంది, దానికింద సొట్ట ఉంది. కాఫీ ఎక్కువ వేడిగా ఉందని మామ గొణుగుతాడు కూడా. అత్త ఆ గొణుగుడును వదిలిపెట్టదు. ప్రతిసారీ చెబుతుంది. ఆ లోకంలో లారీ డ్రైవర్ మాత్రం ఎక్కడా లేడు. ఆయన్ని మార్చాలని, ఆయన ఆ రోజు సెలవు పెట్టాలని అత్తకు ఒక్కసారీ అనిపించలేదు. కానమన్ ట్వెర్‌స్కీ చూసింది కూడా ఇదే. పోయిన మనిషి ఇంటివాళ్ల గురించి అడిగితే జనం పోయిన మనిషి రోజునే మార్చారు, గుద్దినవాడి రోజును మార్చినవాళ్లు తక్కువ. గుద్దినవాడి ఇంటివాళ్లు ఏమనుకుంటారని అడిగినప్పుడే వాడి రోజు మారింది. అంటే దుఃఖం కట్టే లోకంలో కాఫీ ఉంటుంది, మనిషి ఉంటాడు. హంతకుడు ఉండడు. హంతకుడు ఉండే లోకాన్ని పగ కడుతుంది. థ్రిల్లర్ ఈ రెంటినీ ఒకే మిషన్లో కూర్చోబెడుతుంది, మావాడి ప్రశ్న పుట్టేది అక్కడే.

ఒక కథ అనుకుందాం. తిరుపతి గాంధీ రోడ్డులో గడియారాలు బాగుచేసే ఒకాయన. ఆయన తమ్ముణ్ని, వ్యాపారంలో భాగస్తుడైన స్నేహితుడే తాగిన మత్తులో పొడిచి చంపాడు. గడియారాలాయనకు మిషన్ దొరికింది. మొదటి లోకంలో ఆ స్నేహితుణ్ని చంపాడు. తృప్తి తీరలేదు. రెండో లోకం, మూడో లోకం. ఏడో లోకంలో దిగేసరికి ఆ స్నేహితుడు తాగుడు మానేసి బండి మీద ఇడ్లీలు అమ్ముతున్నాడు. బండి ముందు బల్ల మీద కూర్చుని తింటున్నది తమ్ముడు. చట్నీ ఇంకొంచెం వెయ్యమంటున్నాడు. జేబులో కత్తి ఉంది.

ఇక్కడినుంచి కథకు రెండే దారులు. చేతిలో ఉన్న మనిషిది ఏ తప్పూ లేదని ఆయన గ్రహిస్తే, ముందటి లోకాల్లో చంపినవాళ్లలో ఎంతమంది ఇలాంటివాళ్లో లెక్క వేసుకోవాలి. గ్రహించకపోతే, కత్తి దింపితే, బల్ల మీద కూర్చున్న తమ్ముడు స్నేహితుణ్ని పోగొట్టుకున్నవాడవుతాడు. ఆ లోకపు గడియారాలాయన కూడా గాంధీ రోడ్డులో అంగడి మూసి వచ్చి ఆ తమ్ముణ్ని పట్టుకుని ఏడుస్తాడు, తర్వాత కత్తి దింపినవాడి కోసం మిషన్ వెతుకుతాడు. ఇంకో చిక్కు కూడా ఉంది. కొమ్మలు చీలుతూనే ఉంటాయి కాబట్టి ఆయన చంపబోయిన ప్రతిచోటా చంపలేకపోయిన కొమ్మ ఒకటి మిగులుతుంది. పని పూర్తయ్యేది కాదు. మావాడికి నేను చెప్పాల్సిన జవాబు ఇదీ. ఆ లోకంలో వాడు ఏ తప్పూ చేసి ఉండకపోవచ్చు. తప్పు పేరుతోనో మొహంతోనో అంటుకుని రాదు, జరిగిన కథతో పాటు ఆ కొమ్మలోనే ఉండిపోతుంది.

పగ కథ పూర్తికావాలంటే హంతకుడు ఒక్కడే ఉండాలి. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో ఈ కిటుకు బాగా తెలుస్తుంది. ఆడవాళ్లను చెరిచే పాలెగాడు గంగమ్మకు భయపడి దాక్కుంటాడు. ఆమె బైరాగిగా, బండగా, తోటిగా రోజుకో వేషంలో వెతుకుతుంది. దొర వేషంలో వచ్చినప్పుడు వాడు బయటికొస్తాడు, దొరికిపోతాడు. ఏటా ఎండాకాలం తిరుపతి వీధుల్లో మగవాళ్లు బొగ్గుపొడీ సున్నపు బొట్లూ పూసుకుని తిరిగేది ఆ కథతోనే. గమనించండి, మారేది వెతికే ఆమె రూపం. వాడు ఒక్కడే, చేసినవాడే. జనం చెప్పుకునే కథలో చంపిన మర్నాడు ఆమె మాతంగి వేషంలో పాలెగాడి ఇంటి ఆడవాళ్లను ఓదార్చడానికి వెళుతుంది. ఏ థ్రిల్లర్‌లోనూ హీరో ఆ గడప తొక్కగా నేను చూడలేదు.

పగ తీరితే మనసు చల్లబడుతుందా అంటే, దానికీ ఒక ప్రయోగం ఉంది. 2008లో కెవిన్ కార్ల్‌స్మిత్, తిమోతీ విల్సన్, డానియల్ గిల్బర్ట్ కలిసి చేశారు. డబ్బు పెట్టే ఆటలో ఒకడు మిగతావాళ్లను మోసం చేస్తాడు. కొందరికి వాణ్ని శిక్షించే వీలిచ్చారు, కొందరికి ఇవ్వలేదు. శిక్షిస్తే హాయిగా ఉంటుందని, ముందే ఊహించి చెప్పమన్నవాళ్లు అన్నారు. తీరా చూస్తే వీలు దొరకనివాళ్ల కంటే శిక్షించినవాళ్లే ఎక్కువ దిగులుగా ఉన్నారు, వాడి గురించే ఎక్కువసేపు ఆలోచిస్తూ కూర్చున్నారు. ఆటలో పోయింది కొన్ని డాలర్లు. దాన్ని మనిషి పోయిన దుఃఖంతో తూచలేం, కానీ గడియారాలాయన ఏడో లోకం దాకా ఎందుకు పోయాడో కొంత అర్థమవుతుంది.

ఇదంతా రాసే ముందు చిత్తూరు పోయి అత్తను ఒక మాట అడిగాను. ఇన్నేళ్లలో అడగలేదు.

"ఆ డ్రైవర్ని ఎప్పుడన్నా చూసినావా అత్తా?"

"చూసినా. కోర్టు కాడ. చెట్టు కింద టీ తాగతా ఉన్నాడు."

"ఏమన్నా అన్నావా?"

"ఏమంటా. నన్ను చూసి లేచి నిలబడినాడు. చెయ్యి వణికి టీ అంతా చొక్కా మీద పడింది. పక్కనుండే ఆడమనిషి కొంగుతో తుడస్తా ఉంది, పెండ్లామేమో. కడుపుతో ఉండింది." అత్త కాసేపు ఆగి, లేచి వంటింట్లోకి పోయింది. "ఉండు నాయినా, కాఫీ తాగి పోదువు. పాలు ఉండాయి."